పులి కోసం ఎటు పోవాలి?

ప్రశ్న: ఎండాకాలం సెలవుల్లో పిల్లలకు పులిని చూపిద్దామనుకుంటున్నాం. కవ్వాల్ దగ్గరే కదా, అక్కడికే పోదామంటున్నారు మావారు. కనిపిస్తుందా?
– ఒక పాఠకురాలు, హనుమకొండ

జవాబు: కవ్వాల్‌కు తప్పకుండా వెళ్లండమ్మా, కానీ పులి మీద ఆశ పెట్టుకోకండి. 2012లో టైగర్ రిజర్వ్ అయినా అక్కడ పులి కంటపడటం అరుదు. జన్నారం వైపు టేకు అడవి, దుప్పులు చూసి హాయిగా రావచ్చు.

పులే కావాలంటే మహారాష్ట్రలోని తాడోబా. కాజీపేటలో రైలెక్కి బల్లార్షాలో దిగి, మొహర్లీ గేటుకు ట్యాక్సీ మాట్లాడుకోండి. సఫారీ ముందే ఆన్‌లైన్‌లో బుక్ చేసుకోవాలి. మంగళవారం సెలవు. మేలో ఎండ మాడ్చేస్తుంది, నిజమే. అయినా నేను ఆ నెలకే ఓటేస్తాను. వాగులు ఎండిపోయి పులి నీటి గుంటల దగ్గరికి వస్తుంది.

జీపులో కూర్చుని పులి కోసం వెతకొద్దు, దుప్పిని చూడండి. తోక నిక్కబొడిచి, ముందుకాలు నేలకు తపతపా కొడుతూ కీచుమని అరిచిందంటే పులో చిరుతో దగ్గర్లోనే ఉన్నట్టు. చెట్టు మీది కొండముచ్చు కూడా అందుకుంటుంది. గైడ్ బండి ఆపిస్తాడు. అప్పుడు మీవారిని మాత్రం మాట్లాడనివ్వకండి అని మీకూ చెప్పాలా!

కోర్ అడవిలోకి, అంటే లోపలి ప్రధాన అడవిలోకి, సెల్‌ఫోన్ తీసుకెళ్లనివ్వరు. ఆ సంగతి పిల్లలకు ఇంట్లోనే చెప్పేయండి.