కాలువ ఉన్నది వదలడానికే కదా అంటే

"చిన్న యూనిట్లు తమ నీళ్లను మున్సిపాలిటీ కాలువలోకి వదలకూడదని ఆంక్షలేమిటి, కాలువ ఉన్నది అందుకే కదా?" అని ఒకరు అడిగారు. మా నాన్న ముప్పై ఏళ్లు ఇదే మాట అన్నాడు. మాది బరంపురం, బోర్డుల మీద బ్రహ్మపుర. ఇంటి వెనకే పట్టుకి రంగులు వేసే పని.

అందరూ రంగుని తిడతారు గానీ అసలు దొంగ జిగురు. ముడిపట్టుని సబ్బు, సోడా వేసి ఉడకబెడితే గానీ రంగు సరిగా పట్టదు. దాని బరువులో దాదాపు పావు వంతు జిగురే. పది కిలోలు ఉడికిస్తే రెండు, రెండున్నర కిలోలు ఆ నీళ్లలోకి దిగిపోతుంది. చూడ్డానికి గంజిలా ఉంటుంది కాబట్టి ఎవరూ పట్టించుకోరు. రెండో రోజుకి కుళ్లుతుంది. నన్నడిగితే మా ఊరి కాలువల కంపులో సగం దీనిదే.

ఒక కార్తీకమాసం తెల్లవారుజామున ప్లాస్టిక్ కవర్లు అడ్డంపడి కాలువ పొంగింది. ముందు పొగలు కక్కే సోడా నీళ్లు, వెనకే రాణీ రంగు. పక్కింటి అత్త అప్పుడే వేసిన ముగ్గు మొత్తం కొట్టుకుపోయింది. "ఏట్రా, మీ నాన్న కాలవకి కూడా పట్టుచీర కట్టీసినాడేటి?" అంది. అందరం నవ్వాం. కవర్లు తీద్దామని ఆమె చెప్పుల్లేకుండా నీళ్లలో కాలుపెట్టి కెవ్వుమనేసరికి నవ్వు ఆగింది. వారం పాటు మా అమ్మతో మాట్లాడలేదు.

తర్వాత నోటీసు వచ్చింది, ఒడియాలో. నాన్న ఒడియా గడగడా మాట్లాడతాడు గానీ చదవలేడు. నేనే చదివి, రూల్స్ వెతికాను. 1974 నీటి చట్టం నదినే కాదు, మురుగు కాలువనీ కలిపే చెప్పింది, అనుమతి ఉండాలి. పీహెచ్, అంటే నీళ్లలో ఆమ్లం, క్షారం పాళ్లు చెప్పే కొలత, 5.5 నుంచి 9 లోపు ఉండాలి. బీఓడీ, అంటే నీళ్లలోని కుళ్లే సరుకు ఎంత ఆక్సిజన్ లాగేస్తుందో చెప్పే లెక్క, కాలువలోకైతే లీటరుకి 350 మిల్లీగ్రాముల దాకా పర్వాలేదు, అదే నదిలోకైతే 30. నాన్నకి 350 తెగ నచ్చింది. కానీ కింద చిన్న అక్షరాల్లో మెలిక ఉంది. ఆ కాలువ జీవ పద్ధతిలో శుద్ధిచేసే ప్లాంటుకి వెళ్తేనే 350. లేకపోతే నదిలో వదిలినట్టే లెక్క. మా వీధి కాలువ నేరుగా పొలాల పక్క వాగులో పడుతుంది. ప్లాంటు కట్టాల్సింది మున్సిపాలిటీ వాళ్లు, 30 అందుకోవాల్సింది మేము! మూలమీది హోటల్ వాడిన నూనె రోజూ అదే కాలువలో పోస్తుంది, దానికి నోటీసు లేదు.

సరే, రెండు సిమెంటు తొట్లు కట్టాం. చల్లార్చి, యాసిడ్ కొద్దికొద్దిగా కలిపి, తేరాక వదులుతున్నాం. జిగురు కొంత అడుగున దిగుతుంది. పీహెచ్ కాగితం నేను చూస్తాను. నాన్న మాత్రం వేళ్ల మధ్య రుద్ది, జారుతుంటే "ఇంకా సోడా ఉంది" అంటాడు. ఇద్దరి లెక్కా చాలాసార్లు కలుస్తుంది. పరీక్ష చేయించినప్పుడు మాత్రం బీఓడీ 30కి దిగలేదు. అత్త ముగ్గు ఇప్పుడు కాలువకి రెండడుగులు దూరంగా వేస్తోంది.