ఓపెన్ సోర్స్‌లో మొదటి ప్రాజెక్టు ఎంచుకునే ముందు ఏం చూడాలి?

ఒడిశాలోని గుణుపూర్‌లో బీసీఏ రెండో ఏడు చదువుతున్న తమ్ముడు అడిగింది క్లుప్తంగా ఇది: ఓపెన్ సోర్స్‌లో, అంటే ఎవరైనా చూసి మార్చుకోగల కోడ్ మీద, పని చేయాలని ఉంది, కానీ ఏ ప్రాజెక్టు కొత్తవాళ్లను రానిస్తుందో ముందే ఎలా తెలుస్తుంది, ఎక్కువ స్టార్లు ఉన్నది తీసుకుంటే చాలా? చేతిలో ఉన్నది 8 జీబీ ల్యాప్‌టాప్, ఫోన్ హాట్‌స్పాట్. ఇంగ్లిష్ అంటే కొంచెం భయం.

మాది పర్లాకిమిడి తమ్ముడూ. నీలాగే ఇంట్లో తెలుగు, బళ్లో ఒడియా, ఆ తర్వాత ఇంగ్లిష్. ఆరేళ్లుగా తీరిక దొరికినప్పుడల్లా ఈ పని చేస్తున్నాను, అందులో తెలిసిందే చెప్తాను.

స్టార్లు చూసి వెళ్లకు. ఇలాంటి కోడ్ పెట్టుకునే గిట్‌హబ్ సైట్‌లో స్టార్ అంటే ఎవరో ఒకరు ఆ పేజీ నచ్చి నొక్కారని, అంతే, నువ్వు పంపిన కోడ్‌ని ఎవరైనా చదువుతారని కాదు. నా మొదటి పుల్ రిక్వెస్ట్, అంటే నా మార్పుని మీ కోడ్‌లో కలుపుకోండని అడగడం, బాగా పేరున్న ఒక జావాస్క్రిప్ట్ ప్రాజెక్టుకి పంపాను. 'గుడ్ ఫస్ట్ ఇష్యూ', అంటే కొత్తవాళ్లు చేయదగ్గ పని, అని లేబుల్ ఉంది, తేదీ తప్పుగా చూపించే చిన్న బగ్, మూడు రాత్రులు కూర్చుని సరిచేసి, అది సరిగ్గా నడుస్తోందో చూసే టెస్టు కూడా రాసి పంపాను. జవాబు లేదు. నెల తర్వాత మర్యాదగా గుర్తు చేశాను, దానికీ లేదు. ఇంకో మూడు నెలలకి, ఇక్కడ కదలిక లేదు కాబట్టి మూసేస్తున్నాం అని ఒక బాట్ వచ్చి మూసేసింది. ఆ రోజు చాలా బాధపడ్డాను, నా కోడే బాగాలేదేమో అనుకున్నాను. తర్వాత ఆ ప్రాజెక్టులో మూసేసిన పుల్ రిక్వెస్టుల జాబితా తెరిచి చూస్తే విషయం అర్థమైంది. మెర్జ్ అయినవి, అంటే కోడ్‌లో కలుపుకున్నవి, దాదాపు అన్నీ ఆ ప్రాజెక్టు నడిపే కంపెనీ ఉద్యోగులవే, బయటివాళ్లవి పేజీల కొద్దీ బాట్ మూసేసినవే.

ఆ జాబితాయే నువ్వు మొదట చూడాల్సింది. గిట్‌హబ్‌లో పుల్ రిక్వెస్టుల ట్యాబ్‌లోకి వెళ్లి, 'క్లోజ్డ్' నొక్కి, చివరి ఇరవై తెరిచి ఓపిగ్గా చదువు. పంపినవాళ్ల పేరు నొక్కితే వాళ్లు ఆ ప్రాజెక్టు మనుషులా, ఎక్కడి నుంచో వచ్చినవాళ్లా అన్నది చాలాసార్లు తెలుస్తుంది. బయటివాళ్లకి మొదటి జవాబు ఎన్ని రోజులకి వచ్చింది? ఆ జవాబు మనిషిదా, బాట్‌దా? వద్దన్నప్పుడు ఎందుకు వద్దో చెప్పారా? వద్దనడం తప్పేం కాదు, కారణం చెప్పి వద్దన్న ప్రాజెక్టు మంచి ప్రాజెక్టే, అక్కడ నువ్వు నేర్చుకుంటావు. కొత్తవాడు తెలియక తప్పు చేస్తే వాళ్లు ఏ మాట వాడారో కూడా చూడు, రేపు నీతోనూ అదే మాట మాట్లాడతారు. ఒక గంట పడుతుంది. నేనైతే ఆ గంట పెట్టకుండా ఇప్పుడు దేన్నీ క్లోన్ చేయను, అంటే నా మెషీన్‌లోకి దించుకోను.

లేబుల్ ఒక్కటీ చూసి నమ్మొద్దు. ఆ ఇష్యూ పెట్టి రెండేళ్లయి, కింద పదిమంది 'నేను చేయనా' అని అడిగి, ఎవరికీ జవాబు రాలేదంటే దాన్ని వదిలెయ్. అదే మెయింటెయినర్, అంటే ప్రాజెక్టుని చూసుకునే మనిషి, స్వయంగా ఏ ఫైలు చూడాలో, ఎక్కడ మార్చాలో రెండు లైన్లు రాసి పెట్టాడంటే అది నిజంగా కొత్తవాళ్ల కోసం పెట్టిందే. రిపో, అంటే ప్రాజెక్టు కోడ్ ఉండే పేజీ, అడ్రసు చివర స్లాష్ పెట్టి 'కాంట్రిబ్యూట్' అని ఇంగ్లిష్‌లో చేరిస్తే గిట్‌హబ్ ఆ లేబుల్ ఉన్న ఇష్యూలని ఒకచోట చూపిస్తుంది.

చివరి కమిట్, అంటే కోడ్‌లో చివరి మార్పు, ఎప్పుడన్నది చూడమని అందరూ చెప్తారు, చూడు, కానీ దాన్నిబట్టే తేల్చెయ్యకు. పని పూర్తయిన చిన్న లైబ్రరీలో ఏడాదికి రెండు కమిట్లే ఉండొచ్చు. ఇష్యూలకి జవాబులు వస్తుంటే అది బతికున్నట్టే.

మెయింటెయినర్ ఒక్కడే ఉన్నచోట మాత్రం కొంచెం ఓపిక కావాలి. ఎక్స్‌జెడ్ సంగతి విన్నావో లేదో. దాదాపు ప్రతి లినక్స్ మెషీన్‌లో ఉండే కంప్రెషన్ టూల్, ఏళ్ల తరబడి దాన్ని ఒక్క మనిషే చూసుకున్నాడు. ఒకరు సాయం చేస్తానని వచ్చి, రెండేళ్లకు పైగా మంచి పని చేసి నమ్మకం సంపాదించి, ఆఖరికి అందులో దొంగదారి పెట్టారు. 2024 మార్చిలో అది బయటపడింది. అప్పటి నుంచి ముక్కూమొహం తెలియనివాళ్లు వస్తే చాలామంది ఆచితూచి అడుగేస్తున్నారు. కాబట్టి నిన్ను రెండు ప్రశ్నలు ఎక్కువ అడిగితే అవమానం అనుకోకు.

ఇక నీ మెషీన్ సంగతి. క్రోమ్ బ్రౌజర్‌కి ఆధారమైన క్రోమియంని బిల్డ్ చేయాలంటే, అంటే కోడ్ నుంచి నడిచే ప్రోగ్రాం తయారుచేయాలంటే, కనీసం 100 జీబీ డిస్కు ఖాళీగా ఉండాలని వాళ్ల సూచనల్లోనే రాసి ఉంటుంది, హాట్‌స్పాట్ మీద అది జరిగే పని కాదు. ఎంచుకున్న ప్రాజెక్టుని మొదట 'డెప్త్ 1' పెట్టి క్లోన్ చెయ్, పాత చరిత్ర అంతా దిగదు, డేటా మిగులుతుంది. తర్వాత రీడ్‌మీలో, అంటే ప్రాజెక్టుతో వచ్చే సూచనల ఫైల్లో, ఉన్నది ఉన్నట్టు చేసుకుంటూ వెళ్లు, ఒక సాయంత్రంలో టెస్టులు నడిచాయా లేదా చూడు. నడవకపోతే ఎక్కడ ఆగిందో రాసి పెట్టుకో, ఎందుకంటే పాతవాళ్లకి ఆ లోపం కనిపించదు, రీడ్‌మీలో ఆ ఒక్క స్టెప్పు సరిచేసి పంపడమే చాలాసార్లు మంచి మొదటి పుల్ రిక్వెస్ట్ అవుతుంది. అయితే ఏదో ఒకటి పంపాలని మాటలు మార్చి పంపొద్దు. 2020లో హ్యాక్టోబర్‌ఫెస్ట్‌లో, అంటే అక్టోబరులో పుల్ రిక్వెస్టులు పంపినవాళ్లకి బహుమతిచ్చే కార్యక్రమంలో, టీషర్టు కోసం అలా పంపినవాళ్ల వల్ల మెయింటెయినర్లు ఎంత విసిగిపోయారంటే, ఒప్పుకున్న ప్రాజెక్టుల్లో చేసినవే లెక్క అని నిర్వాహకులు ఆ నెల మొదట్లోనే రూలు మార్చాల్సి వచ్చింది.

లైసెన్స్ ఫైలు లేని రిపోకి దూరంగా ఉండు, కోడ్ కనిపిస్తున్నంత మాత్రాన అది ఓపెన్ సోర్స్ కాదు.

నాకు పని కుదిరింది ఎక్కడో చెప్తే నీకు తేడా తెలుస్తుంది. మా మావయ్యకి ఇక్కడ ప్రింటింగ్ షాపు ఉంది. పెళ్లికొడుకు ఆంధ్రలో పాతపట్నం వైపు, పెళ్లికూతురు ఇక్కడి అమ్మాయి అయితే కార్డు తెలుగులో ఒకటి, ఒడియాలో ఒకటి పడాలి. ఆయన వాడే చిన్న ఉచిత ఎడిటర్‌లో ఒకసారి 'శేఖర్‌కు' అని పేస్టు చేస్తే 'శేఖర్కు' అని పడింది, ర కింద క వత్తు వచ్చేసింది. ప్రూఫ్ చూడకపోయి ఉంటే ఐదొందల కార్డులు పోయేవి. మనం అక్కడ పొల్లు విడిగా నిలబడడానికి కొట్టేది జీరో విడ్త్ నాన్ జాయినర్ అనే కనబడని అక్షరం, యూనికోడ్‌లో దాని నంబరు 200సి. ఆ ఎడిటర్ పేస్టు చేసినప్పుడు కనబడని అక్షరాలన్నీ చెత్త అనుకుని తీసేస్తోంది. ఇంగ్లిష్ రాసేవాళ్లకి ఏ తేడా తెలియదు, మనకి పేరే మారిపోతుంది.

ఇష్యూ పెట్టాను. మర్నాడే మెయింటెయినర్ అడిగాడు, కనబడని అక్షరం మీకు ఎందుకు కావాలి అని. ఆయనకి మన లిపి ఒక్క అక్షరం రాదు. పక్కపక్కన రెండు బొమ్మలు పెట్టి పంపాను, పైన మాకు కావాల్సింది, కింద మీ టూల్ ఇచ్చేది అని. దీన్నే టెస్టుగా రాయగలవా అన్నాడు, ఒడియాలో కూడా ఇలాగే ఉంటుందా అని తనే అడిగాడు. ఉంటుంది, మన పొల్లుని అక్కడ హలంత అంటారు. సరిచేసింది ఒకే లైను, టెస్టులు మూడు. ఐదో రోజుకి మెర్జ్ అయింది, పైగా కనబడని అక్షరాలు ఎందుకు తీసెయ్యకూడదో, సాయం చేసేవాళ్లకి సూచనలుండే కాంట్రిబ్యూటింగ్ ఫైల్లో ఒక పేరా రాసి పెట్టాడు. ఆ ప్రాజెక్టుకి అప్పటికి మూడొందల స్టార్లు కూడా లేవు. అందుకే చెప్తున్నా, నువ్వు రోజూ వాడేదాంట్లో, నీకు నొప్పి తెలిసినచోట వెతుకు. తెలుగు, ఒడియా రెండూ వచ్చినవాళ్లు ఆ ప్రాజెక్టుల్లో ఎంతమంది ఉంటారు చెప్పు!

ఇంగ్లిష్ గురించి భయపడకు. వాడుక భాష కోసం అంత పోరాడిన గిడుగు రామమూర్తి గారు బడిలో పాఠాలు చెప్పిన ఊరు మాది. ఇంగ్లిష్‌లో కూడా చిన్న చిన్న వాక్యాలే రాయి. ఏం చేశాను, ఏం వస్తుందనుకున్నాను, ఏం వచ్చింది, ఈ మూడూ ఉంటే గ్రామర్ ఎవరూ పట్టించుకోరు. కోడ్ ఇంకా కుదరకపోతే ట్రాన్స్‌లేట్‌వికీలో అనువాదాలతో మొదలుపెట్టు, వికీపీడియా నడిచే మీడియావికీ సందేశాలు అక్కడే తెలుగులోకి, ఒడియాలోకి మారుతుంటాయి.

ఈ వారం మూడు ప్రాజెక్టులు ఎంచుకుని, ఒక్కోదానిలో మూసేసిన ఇరవై చదివి, బయటివాళ్లకి జవాబు ఎన్ని రోజులకి వచ్చిందో కాగితం మీద రాసుకుని ఇక్కడ పెట్టు. ఏది తీసుకోవాలో కలిసి చూద్దాం. బిల్డ్ ఎక్కడైనా ఆగిపోతే ఎర్రర్‌లో చివరి ఇరవై లైన్లు కూడా పెట్టు, స్క్రీన్‌షాట్ వద్దు, టెక్స్ట్‌గానే పెట్టు, రాత్రి షాపు మూసాక చూస్తాను.