ఫ్రాన్స్ రాజు తమ్ముడే వారసుడైతే అతణ్ణి 'డోఫిన్' అనేవారా?

అనేవారు కాదు. 'డోఫిన్' అంటే ఫ్రాన్స్ యువరాజు బిరుదు. వరుసలో తర్వాతి పేరు మీదే అయినా చాలదు, రాజుకి కొడుకో మనవడో మునిమనవడో అయ్యుండాలి. 16వ లూయీ 1774లో గద్దెనెక్కేనాటికి పిల్లల్లేరు. 1781 అక్టోబరు 22న కొడుకు పుట్టేదాకా వారసుడు తమ్ముడు ప్రొవాన్స్ కౌంటే. అయినా ఆ ఏడేళ్లూ ఆయన 'మొస్యూ'గానే, అంటే రాజు పెద్ద తమ్ముడికి వాడే బిరుదుతోనే ఉన్నాడు.

అసలు ఈ బిరుదు రాజకుటుంబానిది కాదు. గ్రెనోబుల్ చుట్టుపక్కల డోఫినే ప్రాంతాన్ని ఏలిన దొరలది; వాళ్ల చిహ్నం డాల్ఫిన్. చివరి దొర రెండో అంబేర్‌కి ఉన్న ఒక్క కొడుకూ 1335లో పసితనంలోనే పోయాడు, పైగా నెత్తిన అప్పులు. దాంతో ఫ్రాన్స్ రాజు ఆరో ఫిలిప్‌తో బేరం పెట్టాడు. 1343 ఒప్పందంలో డోఫినే దక్కాల్సింది రాజుగారి చిన్నకొడుక్కి. 1344లో దాన్ని పెద్దకొడుకు జాన్ పేరుకి మార్చారు. చివరికి 1349లో జాన్ కొడుకు చార్లెస్‌కి అప్పగించారు, అంటే తండ్రి బతికుండగానే మనవడికి. 'యువరాజుకే ఇవ్వాలని మొదట్నుంచీ షరతు' అని చాలాచోట్ల రాస్తారు గానీ, ఈ మూడు తేదీలూ వరసగా చూస్తే ఆ మాట నిలవదు. అది తర్వాత స్థిరపడ్డ ఆనవాయితీ.

డోఫినేని నిజంగా దగ్గరుండి పాలించినవాడు 11వ లూయీ. యువరాజుగా 1447 నుంచి 1456 దాకా అక్కడే ఉండి, 1453లో గ్రెనోబుల్‌లో పార్లమాఁ, అంటే ఉన్నత న్యాయస్థానం, పెట్టించాడు. ఆ తర్వాత ఇది గౌరవానికి మిగిలిన పేరే.

పాత ఉత్తరాల్లో పేరు లేకుండా 'డోఫిన్' అని మాత్రమే కనిపిస్తే ముందు తారీఖు చూడండి, సంవత్సరం ఒక్కటే సరిపోదు. ఎక్కువమంది తడబడేది 14వ లూయీ చివరి రోజుల దగ్గరే. కొడుకు 1711 ఏప్రిల్ 14న మశూచితో పోయాడు. మనవడు బుర్గుండీ డ్యూక్ 1712 ఫిబ్రవరి 18న, అతని ఐదేళ్ల కొడుకు మార్చి 8న పోయారు. అప్పుడు బిరుదు దక్కింది ఆ పిల్లాడి రెండేళ్ల తమ్ముడికి, అతనే తర్వాత 15వ లూయీ. ఏడాది లోపల నలుగురు డోఫిన్లు! 1789 కూడా అంతే: జూన్ 4న చనిపోయేదాకా 16వ లూయీ పెద్దకొడుకు, ఆ తర్వాత అప్పటిదాకా నార్మండీ డ్యూక్ అనిపించుకున్న రెండోవాడు.

1791 రాజ్యాంగం ఈ బిరుదు తీసేసి 'ప్రాన్స్ రొయ్యాల్' (రాజకుమారుడు) అని పెట్టింది. రాజరికం 1814లో తిరిగొచ్చినా, 18వ లూయీకి సంతానం లేక డోఫిన్ కూడా లేడు. 1824లో పదో చార్లెస్ రాజయ్యాక ఆయన కొడుకు అంగులేమ్ డ్యూక్ 49 ఏళ్ల వయసులో డోఫిన్ అయ్యాడు. 1830 విప్లవంతో ఆ వరస ఆగిపోయింది. కొత్త రాజు లూయీ ఫిలిప్ తన వారసుణ్ణి మళ్లీ 'ప్రాన్స్ రొయ్యాల్' అనే పిలిపించాడు.