నర్సింగ్ అమ్మాయికి అరబిక్: ఎంత కావాలి, ఎక్కడ మొదలుపెట్టాలి?

ప్రశ్న: మాది నాందేడ్ జిల్లా ధర్మాబాద్. ఇంట్లో తెలుగు, అమ్మాయి చదివింది మరాఠీ మీడియం. ఇప్పుడు బీఎస్సీ నర్సింగ్ మూడో సంవత్సరం. గల్ఫ్ ఆస్పత్రుల్లో అరబిక్ చదవడం, రాయడం వస్తేనే ఉద్యోగం అంటే రూ.25,000 కట్టి 60 రోజుల ఆన్‌లైన్ కోర్సులో చేర్పించాం. నెల దాటింది. అక్షరాలన్నీ గడగడా చెబుతుంది కానీ ఒక్క పదం కలిపి చదవలేదు. తెలుగు రాయడం రాదు, ఇంగ్లిష్ అంతంత మాత్రం, ఇది కూడా రాకపోతే ఏం చేయాలి? మానిపించి జర్మన్‌లో వేయమంటారా?

జవాబు: మీ ఉత్తరంలో అరబిక్ గురించి ఉన్నది కొంతే. మిగతాదంతా పిల్ల ఏ భాషకూ కాకుండా పోతుందేమోనన్న బెంగ. దెగ్లూర్, కిన్వట్, రాజురా వైపు నుంచి కూడా ఇదే బెంగ వస్తూ ఉంటుంది. ఇంట్లో ఒక భాష, బడిలో ఒకటి, కాలేజీలో మరొకటి అయితే పిల్లలు వెనకబడినట్టు పెద్దలకు అనిపిస్తుంది. మీ అమ్మాయి తెలుగు మాట్లాడుతుంది, మరాఠీ చదివి రాస్తుంది, అనాటమీ, ఫార్మకాలజీ ఇంగ్లిష్‌లో చదివి రెండేళ్లు గట్టెక్కింది. ఆమెకు భాషలు అబ్బవని ఎలా అనుకున్నారు? నెల రోజులకు అరబిక్ పదం కలిపి చదవలేకపోవడం మామూలే. అక్షరాలు వచ్చి పదాలు రావట్లేదంటే తప్పు ఎక్కువగా నేర్పే పద్ధతిలోనే ఉంటుంది. అదేమిటో కింద చెబుతాను.

దానికన్నా ముందు మీకో మాట. డబ్బు కట్టేముందు ఒక్క ప్రశ్న అడిగి ఉండాల్సింది: సౌదీ, దుబాయ్ నర్సింగ్ లైసెన్స్ పరీక్ష ఏ భాషలో ఉంటుంది? ఇంగ్లిష్‌లో. పెద్ద ఆస్పత్రుల్లో కేస్ షీట్లు, మందుల ఆర్డర్లు రాసేదీ ఎక్కువగా ఇంగ్లిష్‌లోనే. అరబిక్ రాకపోతే ఉద్యోగమే లేదన్నది అమ్ముకునేవాళ్ల మాట. రిక్రూటర్లు ముందుగా చూసేది నర్సింగ్ కౌన్సిల్ రిజిస్ట్రేషన్, డిగ్రీ తర్వాత మామూలుగా రెండేళ్ల ఆస్పత్రి అనుభవం, పరీక్షలో పాస్. వార్డు డ్యూటీ చేసి అలసి వచ్చిన పిల్లను రాత్రి పదింటికి ఫోన్ ముందు కూర్చోబెట్టి 'ఇంకా రాలేదా' అని గద్దించడం వల్ల ఈ మూడింటిలో ఒక్కటీ దగ్గరపడదు. మీరు అంతంత మాత్రం అన్న ఆ ఇంగ్లిషే ఆమె మొదట బాగుచేసుకోవాల్సింది.

60 రోజుల హామీ సంగతి చూద్దాం. అమెరికా విదేశాంగ శాఖ తన దౌత్యవేత్తలకు అరబిక్ నేర్పడానికి 88 వారాలు, 2,200 తరగతి గంటలు లెక్కేస్తుంది. అది ఇంగ్లిష్ మాతృభాషగా ఉన్నవాళ్లకు, అదీ ఉద్యోగం చేసుకునేంత స్థాయికి. మనవాళ్లకు లెక్క కొంత మారొచ్చు. అరవై రోజులకు మాత్రం దిగదు. రోజూ అరగంట చొప్పున రెండు నెలలు సరిగ్గా చేస్తే వచ్చేది లిపి. బోర్డులు, పేర్లు, అంకెలు, అచ్చుల గుర్తులు పెట్టిన చిన్న వాక్యాలు నెమ్మదిగా చదవగలుగుతుంది. నర్సుకు మొదట కావలసింది కూడా అంతే.

'మెడికల్ అరబిక్ నేర్చుకుంటే ట్రాన్స్‌లేటర్‌గా లక్ష జీతం' అనే ప్రకటనలంటే నాకు మొదటినుంచీ అనుమానమే. మామూలు కాగితాల అనువాదం చాలావరకు యంత్రాల చేతికి వెళ్లింది. హైదరాబాద్ ఆస్పత్రులకు ఒమన్, ఇరాక్, సూడాన్, యెమెన్ నుంచి రోగులు వస్తారు, వాళ్లకు దుబాసీలు కావాలి, నిజమే. కానీ ఆ రోగి పుస్తకాల భాష మాట్లాడడు. 'ఎక్కడ' అనడానికి పుస్తకంలో 'అయ్న' అని ఉంటుంది. గల్ఫ్ మనిషి 'వేన్' అంటాడు, ఈజిప్టు మనిషి 'ఫేన్' అంటాడు. నొప్పి ఎక్కడో చెప్పుకునే మనిషి ముందు రెండు నెలల కోర్సు నిలవదు. ఆ దారే పట్టాలనుకునే పిల్లలకు ఉస్మానియాలో, ఇంగ్లిష్, విదేశీ భాషల వర్సిటీ ఇఫ్లూలో, మౌలానా ఆజాద్ ఉర్దూ వర్సిటీలో అరబిక్ విభాగాలున్నాయి. అది ఏళ్ల చదువు. నర్సింగ్ మూడో ఏడాదిలో ఉన్న పిల్లకు అది దేనికి?

ఇక పదాలు ఎందుకు కలవట్లేదో చూద్దాం. అరబిక్‌లో 28 అక్షరాలు, రాత కుడి నుంచి ఎడమకు. చాలా కోర్సులు ఈ 28నీ విడివిడి రూపాల్లో వరసగా బట్టీ పట్టిస్తాయి. పదంలోకి వచ్చేసరికి అక్షరం తోక తెగిపోతుంది, పక్కదానికి అతుక్కుంటుంది, మొదట్లో ఒకలా, మధ్యలో ఒకలా కనిపిస్తుంది. పిల్ల నేర్చుకున్న బొమ్మ అక్కడ ఉండదు. అందుకే తెల్లమొహం వేస్తుంది.

చుక్కలు తీసేసి చూస్తే ఆకారాలు 18 మాత్రమే. ఒకే పడవ ఆకారానికి కింద ఒక చుక్క పెడితే బా, పైన రెండు పెడితే తా, మూడు పెడితే థా. కాబట్టి జట్లుగా నేర్చుకోవాలి. మొదటి రోజునే ఆరు అక్షరాలు వేరుచేసి గోడకు అంటించమనండి: అలిఫ్, దాల్, ధాల్, రా, జాయ్, వావ్. ఇవి తమ ముందున్న అక్షరంతో కలుస్తాయి, తర్వాతి దానితో కలవవు. ఈ ఆరు తెలియనంతకాలం పదం మధ్యలో వచ్చే ఖాళీని రెండు పదాల మధ్య ఖాళీ అనుకుంటారు.

ఆస్పత్రి బోర్డు మీది రెండు పదాలు చాలు, ఇది బోధపడటానికి. 'దవా' అంటే మందు. అందులో దాల్, వావ్, అలిఫ్, చివర హమ్జా అనే చిన్న గుర్తు. ఒక్కటీ కలవదు, నాలుగూ విడివిడిగా నిలబడతాయి. 'ముస్తష్ఫా' అంటే ఆస్పత్రి. మీమ్ నుంచి చివరి దాకా కలం ఎత్తకుండా ఒకే గీత. మధ్యలో సీన్‌కు పైకి లేచే మూడు పళ్లు, 'తా' అక్షరానికి ఒకటి, షీన్‌కు మూడు, వెరసి ఏడు పళ్లు వరసగా ఉంటాయి. మొదటి మూడింటి మీద చుక్కల్లేవు, నాలుగోదాని మీద రెండు, చివరి మూడింటి మీద కలిపి మూడు. ఆ తర్వాత ఫా, దానికో చుక్క. ముందు గీతంతా రాసి, ఆ తర్వాతే కుడి నుంచి చుక్కలు పెట్టాలి. అక్షరానికోసారి ఆగి చుక్క పెట్టేవాళ్ల రాత ఎన్నటికీ కలవదు. ఈ ఒక్క పదం రోజుకు పదిసార్లు, వారం పాటు రాయించండి.

సింగిల్ రూల్ నోటుబుక్కు వెనక అట్ట వైపు నుంచి మొదలుపెట్టాలి. గీత మీద కూర్చునేదేది, కిందికి దిగేదేది అన్నది ముఖ్యం: దాల్ గీత మీదే మడత పడి ఉంటుంది, 'రా' అక్షరం కిందికి జారుతుంది. ఈ తేడా పట్టించుకోకపోతే తను రాసింది తనే చదవలేదు. మొదటి మూడు వారాలు ఫోన్ కీబోర్డు వద్దు. అది అక్షరాలను తనంతట తానే కలిపేస్తుంది, చేతికి ఏమీ రాదు.

రెండో అడ్డంకి అచ్చులు. దీర్ఘాలకే అక్షరాలున్నాయి. అ, ఇ, ఉ లాంటి పొట్టి అచ్చులకు ఫత్హా, కస్రా, దమ్మా అనే చిన్న గుర్తులుంటాయి. వాటిని బోర్డుల మీద, పత్రికల్లో రాయరు. తెలుగులో కమల, కమిలి, కుములు మూడింటినీ 'కమల' అనే రాసి, సందర్భాన్నిబట్టి చదువుకోమన్నట్టు. అందుకే మొదటి రెండు నెలలు గుర్తులున్న పాఠాలే చదవాలి. గుర్తుల్లేని పదాలను బొమ్మలా గుర్తుపెట్టుకుంటూ పోవాలి, వారానికి పది చాలు.

ధర్మాబాద్‌లో ఉర్దూ చదవగలిగే ఇరుగుపొరుగు దొరకడం కష్టమేమీ కాదు. వాళ్ల సాయం తీసుకోండి, అక్షరాలు కలపడం ఆన్‌లైన్ మాస్టారి కన్నా బాగా చూపిస్తారు. ఒక్క జాగ్రత్త: ఉర్దూ ముద్రణలో రాత ఏటవాలుగా జారుతుంది, అరబిక్ ముద్రణలో గీత మీద నిలుస్తుంది. ఉర్దూలో ధాల్, జాయ్, దాద్ అన్నీ 'జ'గానే పలుకుతారు. మన 'మరీజ్' అరబ్బుల నోట 'మరీద్'. లిపి వాళ్ల దగ్గర, ఉచ్చారణ ఆడియోలో నేర్చుకుంటే సరి.

కట్టిన డబ్బు వృథా అనుకోకండి. మిగిలిన నెలలో ఆమె చేత్తో రాసిన పేజీ వారానికి రెండుసార్లు దిద్ది పంపమని కోర్సువాళ్లను అడగండి. కుదరదంటే అక్కడితో ఆపేయండి, రెండో విడత కోర్సుకు ఫీజు ఎంత తగ్గిస్తామన్నా కట్టొద్దు.

జర్మన్ అడిగారు కదా. అక్కడ నర్సుగా గుర్తింపుకు సాధారణంగా బీ2 స్థాయి, అంటే యూరప్ భాషా కొలతలో ఆరు మెట్లలో నాలుగోది, అడుగుతారు. భాష రాకపోతే పనే లేదు. గల్ఫ్‌లో అరబిక్ అదనపు బలం. జర్మన్ లిపి సులువు, కానీ బీ2 అంటే ఏడాది పైచిలుకు గట్టి చదువు. ఆమె మనసు నిజంగా జర్మనీ మీద ఉంటే డిగ్రీ అయ్యాక, ఆస్పత్రి అనుభవం సంపాదించే రెండేళ్లలో చూసుకోవచ్చు. ఇప్పుడు ఒకటి మాన్పించి ఇంకొకటి నెత్తిన పెట్టడం మాత్రం వద్దు. ఏ దేశం వెళ్లాలనుంది అని ఆమెను ఒక్కసారైనా అడిగారా? ఉత్తరంలో ఎక్కడా కనిపించలేదు.

అంకెలు మాత్రం ఈ వారమే నేర్పించండి, ఒక్క పూట పని. అక్షరాలు కుడి నుంచి వచ్చినా అంకెలు మనలాగే ఎడమ నుంచి చదవాలి. అయిదు చిన్న సున్నాలా ఉంటుంది, సున్నా ఒట్టి చుక్క. ఆరు మన 7ను పోలి ఉంటుంది. వార్డులో గది నంబరు, తేదీ చూసేటప్పుడు కొత్తవాళ్లు పొరబడేది ఇక్కడే. రేపు ఏజెంటు ఒప్పంద కాగితం ఇచ్చినప్పుడూ పనికొస్తుంది. సౌదీ కార్మిక చట్టం 9వ అధికరణ ప్రకారం రెండు భాషల్లో ఒప్పందం ఉంటే చెల్లేది అరబిక్ పాఠమే. ఇంగ్లిష్‌లో జీతం 4,500 అని ఉంటే పక్క అరబిక్ వరసలో తిరగేసిన 3 లాంటి నాలుగు, చిన్న వలయం, రెండు చుక్కలు ఉండాలి. అలా లేకపోతే సంతకం పెట్టనివ్వొద్దు. ఏజెంటు పేరు విదేశాంగ శాఖ ఈ-మైగ్రేట్ వెబ్‌సైట్‌లో ఉందో లేదో మీరే చూడండి. సేవా రుసుము రూ.30,000, దాని మీద జీఎస్టీ. అంతకు మించి అడిగేవాడికి పాస్‌పోర్టు ఇవ్వొద్దు.