పోర్టు తెరిచే ముందు: అమ్మలుకి మామయ్య ఉత్తరం

అమ్మలూ,

నీ ఉత్తరం అందింది, ఫొటోలు కూడా చూశాను. ట్యాంకులో నీళ్లు ఎంతున్నాయో ఫోన్‌లో కనబడేలా నీ అంతట నువ్వే చేసుకున్నావంటే మాటలు కాదు. ప్రతి వైరుకీ చీటీ అంటించావు చూడు, అది మరీ నచ్చింది. చివర్లో మాత్రం ‘రౌటర్‌లో పోర్టు ఫార్వర్డింగ్ పెట్టేస్తే హాస్టల్ నుంచి కూడా చూసుకోవచ్చు కదా మామయ్యా’ అన్నావు. అంటే బయటి ఇంటర్నెట్ నుంచి ఇంట్లో బోర్డు దాకా రౌటర్‌లో ఒక దారి (పోర్టు) తెరవడమే. ఈ ఉత్తరం మొత్తం చదివేదాకా ఆ పని చేయకు.

ముందు బోర్డు సంగతి. ఫొటోలో నీటి దూరం కొలిచే సెన్సర్ ఎకో పిన్ను (శబ్దం తిరిగొచ్చేందుకు పట్టిన సమయం చెప్పేది) నుంచి వైరు నేరుగా నీ చిన్న కంప్యూటర్ బోర్డు ‘రాస్ప్‌బెర్రీ పై’కి వెళ్తోంది. నువ్వు వాడిన హెచ్‌సీ-ఎస్‌ఆర్04 సెన్సర్ నడిచేది 5 వోల్టుల మీద, ఎకో పిన్ను బయటికి పంపేదీ 5 వోల్టులే. రాస్ప్‌బెర్రీ పై బోర్డు పిన్నులు 3.3 వోల్టులకు మించి తట్టుకోవు. ఇప్పుడు పనిచేస్తోంది కదా అని వదిలేయకు. కొన్నాళ్లు బాగానే నడిచి ఏదో ఒకరోజు ఆ పిన్ను పోతుంది, ఒక్కోసారి దాంతో పాటు బోర్డూ పోతుంది. రెండు రెసిస్టర్లతో తీరిపోయే పని ఇది. ఎకో నుంచి 1 కిలో ఓమ్, దాని రెండో కొస నుంచి గ్రౌండుకి 2 కిలో ఓమ్ పెట్టు. ఆ రెండూ కలిసే చోటి నుంచి ‘పై’ బోర్డు పిన్నుకి వైరు తీసుకో. అక్కడ సుమారు 3.3 వోల్టులే ఉంటాయి.

‘పై’ బోర్డుకి కలిపే ముందు మల్టీమీటర్‌తో కొలిచి చూసుకో. ఎకో పల్సు మీద మీటరు పెడితే లాభం లేదు. నీళ్లు ఒక మీటరు దూరంలో ఉన్నా ఆ పల్సు 6 మిల్లీసెకన్ల లోపే అయిపోతుంది, మల్టీమీటర్ దాన్ని పట్టుకోలేదు. అందుకని ఎకో వైరు తీసేసి, దాని స్థానంలో 5 వోల్టుల సప్లై ఇచ్చి, మధ్యలో ఎంత వస్తోందో చూడు. 3.3 దగ్గర ఆగితే సరే. 5 చూపిస్తే 2 కిలో ఓమ్ గ్రౌండుకి అందలేదన్నమాట.

రిలే (కోడ్‌తో నడిచే స్విచ్చు) పెట్టి మోటారు కూడా ఆన్ చేస్తానన్నావు. అది ఇప్పుడే వద్దు. రిలే బోర్డు అడుగున మెయిన్స్ కరెంటు పారే టంకం చుక్కలు తెరిచే ఉంటాయి, వేలు తగిలితే ప్రాణం మీదికి వస్తుంది. అది చేసే రోజున ఎలక్ట్రీషియన్ పక్కన ఉండాలి, బోర్డు మూత ఉన్న డబ్బాలో ఉండాలి. ఈ విషయంలో నేను మాట మార్చను.

ఇక అసలు సంగతికి వస్తాను. ‘నా ట్యాంకు లెక్క ఎవడికి కావాలి?’ అని నీకు అనిపించి ఉంటుంది, చాలామందికి అలాగే అనిపిస్తుంది. నీ లెక్క నిజంగానే ఎవరికీ అక్కర్లేదు. వాళ్లకు కావలసింది నీ బోర్డు. 2016లో మిరాయ్ అనే మాల్వేర్ (హాని చేసే ప్రోగ్రామ్) కెమెరాలను, రౌటర్లను లక్షల్లో పట్టేసుకుంది. ఫ్యాక్టరీ నుంచి వచ్చిన యూజర్ నేమ్, పాస్‌వర్డ్ జతలు ఓ అరవై చిల్లర దగ్గర పెట్టుకుని, టెల్‌నెట్ (దూరం నుంచి లాగిన్ అయ్యే పాత పద్ధతి) తెరిచి ఉన్న ప్రతి పరికరం మీదా వాటినే వేసి చూసేది, అంతే. ఆ అక్టోబరులో అలా పట్టిన పరికరాలతోనే డైన్ (Dyn) అనే డీఎన్‌ఎస్ సంస్థ (సైటు పేరును దాని ఇంటర్నెట్ అడ్రసుగా మార్చి చెప్పేది) మీద దాడి జరిగింది. ట్విట్టర్, నెట్‌ఫ్లిక్స్ లాంటివి కూడా గంటల తరబడి చాలామందికి తెరుచుకోలేదు. మిరాయ్ మెమరీలో మాత్రమే ఉండేది కాబట్టి పరికరాన్ని ఆపి మళ్లీ ఆన్ చేస్తే పోయేది. కానీ పాస్‌వర్డ్ మార్చకపోతే కాసేపటికే మళ్లీ వచ్చి కూర్చునేది.

పోర్టు నంబరు మార్చి ఏదో కొత్త పోర్టులో పెడితే ఎవరికీ కనబడదులే అనుకోకు. మంచి లైను ఉంటే మొత్తం ఐపీవీ4 (ఇంటర్నెట్ అడ్రసులు ఇచ్చే పాత పద్ధతి) ఇంటర్నెట్‌లో ఒక పోర్టును గంటలోపే వెతికేయొచ్చని 2013లోనే జెడ్‌మ్యాప్ అనే టూల్ చేసి చూపించింది.

నీ కోడ్‌లో నన్ను భయపెట్టిన వరుస ఇంకొకటి ఉంది. ట్యాంకు పేజీని చూపించే పైథాన్ టూల్ ఫ్లాస్క్‌ను 0.0.0.0 మీద, డీబగ్ (తప్పులు వెతికే మోడ్) ఆన్ చేసి నడుపుతున్నావు. ఫ్లాస్క్ మామూలుగా అదే మెషీన్‌కు మాత్రమే జవాబిస్తుంది. 0.0.0.0 అని రాస్తే నెట్‌వర్క్‌లో ఎవరు అడిగినా జవాబిస్తుంది. డీబగ్ ఆన్‌లో ఉంటే, తప్పు వచ్చినప్పుడు కనబడే పేజీలోంచే పైథాన్ కోడ్ నడపొచ్చు. దానికి పిన్ నంబరు అడ్డు ఉంటుంది గానీ, దాని మీద ఆధారపడమని దాన్ని తయారుచేసినవాళ్లే చెప్పరు. ఆ పోర్టును బయటికి తెరిచావంటే ఇంటి తాళంచెవి గుమ్మానికి తగిలించి ఊరెళ్లినట్టే. ఈ రాత్రికే డీబగ్ ఆఫ్ చేసెయ్.

మరి బయటి నుంచి చూడటం ఎలా? వైర్‌గార్డ్ పెట్టుకో, అది బయటి నుంచి ఇంటి నెట్‌వర్క్‌లోకి రహస్య కీతో దారి వేసే ప్రోగ్రామ్. దానికీ రౌటర్‌లో ఒక యూడీపీ (డేటా పంపే ఒక పద్ధతి) పోర్టు తెరవాల్సిందే. తేడా ఏమిటంటే, సరైన కీ లేని ప్యాకెట్‌కు వైర్‌గార్డ్ అసలు బదులే ఇవ్వదు. స్కాన్ చేసేవాడికి అక్కడ ఏదో ఉందన్న సంగతే తెలియదు. నీ ఫోన్‌లో కీ ఉంటుంది కాబట్టి నువ్వు ఇంట్లో ఉన్నట్టే ఆ పేజీ తెరుచుకుంటుంది. ఫ్లాస్క్ పోర్టును బయటికి తెరిచే అవసరమే రాదు.

అది పెట్టే ముందు రౌటర్ పేజీలోకి వెళ్లు. అడ్మిన్ పాస్‌వర్డ్ ఇంకా డబ్బా మీద ముద్రించినదే అయితే ముందు అది మార్చు. డబ్ల్యూపీఎస్ (పాస్‌వర్డ్ బదులు పిన్ నంబరుతో వైఫైకి కలిపే సదుపాయం) ఆపెయ్. ఆ 8 అంకెల పిన్‌ను రౌటర్ రెండు ముక్కలుగా సరిచూస్తుంది, పైగా చివరి అంకె లెక్క కట్టి వేసేదే. అందువల్ల 11,000 ప్రయత్నాల్లోపే దొరికిపోతుందని 2011లో బయటపడింది. యూపీఎన్‌పీ కూడా ఆపు, అది ఉంటే లోపలి పరికరాలు నిన్ను అడక్కుండానే పోర్టులు తెరుచుకుంటాయి. ఫర్మ్‌వేర్ (రౌటర్ లోపలి సాఫ్ట్‌వేర్) అప్‌డేట్ ఉంటే వేసెయ్. ఇవన్నీ ఒక్క సాయంత్రం పని.

రౌటర్‌లో గెస్ట్ నెట్‌వర్క్ (అతిథుల కోసం విడిగా ఉండే వైఫై) ఉంటే ట్యాంకు బోర్డును అందులో పెట్టు. అమ్మ బ్యాంకు పనులు చేసుకునే లాప్‌టాప్, నువ్వు ప్రయోగాలు చేసే బోర్డు ఒకే చోట ఉండటం నాకు ఇష్టం లేదు. గెస్ట్‌లో పెట్టాక లాప్‌టాప్ నుంచి పేజీ తెరుచుకోకపోతే కంగారు పడకు, రెండు నెట్‌వర్క్‌ల మధ్య గోడ పనిచేస్తోందని అర్థం.

నీ ‘పై’ బోర్డులోని మెమరీ కార్డు పాతదన్నావు కదా. 2022 ఏప్రిల్‌కు ముందు వచ్చిన ఇమేజ్‌లలో (కార్డు మీద రాసే ఆపరేటింగ్ సిస్టమ్ ఫైళ్లలో) ‘పై’ అనే యూజర్, ‘రాస్ప్‌బెర్రీ’ అనే పాస్‌వర్డ్ ముందే ఉండేవి. కార్డును కొత్త ఇమేజ్‌తో మళ్లీ రాసుకో. కోడ్, కాన్ఫిగ్ ఫైళ్లు ముందే కాపీ తీసి పెట్టుకో. ఎస్‌ఎస్‌హెచ్‌కి (దూరం నుంచి బోర్డులోకి లాగిన్ అయ్యే పద్ధతికి) పాస్‌వర్డ్ బదులు కీ పెట్టు. కీతో లాగిన్ అవుతోందని ఇంకో విండోలో చూసుకున్నాకే పాస్‌వర్డ్ లాగిన్ ఆపు. లేకపోతే స్క్రీను, కీబోర్డు తగిలించుకుని కూర్చోవాల్సి వస్తుంది.

ముందు రెసిస్టర్లు పెట్టు, తర్వాత కార్డు, ఆ తర్వాత రౌటర్. వైర్‌గార్డ్ దగ్గర ఆగిపోతే నీ కాన్ఫిగ్ ఫైలు నాకు పంపు, చూసి చెబుతాను. పంపే ముందు ప్రైవేట్ కీ ఉన్న వరుస తీసెయ్. అది నాకు కూడా చూపించకూడదు.

ఆశీస్సులతో,
మామయ్య