స్వాతంత్ర్యం తర్వాత గాంబియా: గోళీలతో నియంతను దించిన దేశం

"ఆఫ్రికాలోని చిన్న దేశాలు స్వాతంత్ర్యం వచ్చాక సైనికుల చేతుల్లోకే ఎందుకు పోయాయి? అక్కడి జనానికి ప్రజాస్వామ్యం పట్టదా?" అని అడిగారు. నేను నాలుగేళ్ళు బతికిన గాంబియా సంగతి చెప్తాను. 2014 నుంచి 2018 దాకా అక్కడి సెరెకుందా అనే ఊళ్ళో ఒక బియ్యం వ్యాపారి దగ్గర లెక్కలు రాశాను. జనానికి పట్టదన్న మాట మాత్రం నేను ఒప్పుకోను.

గాంబియా అంటే ఒక నది, దానికి రెండు వైపులా సన్నటి నేల. పడమర సముద్రం, మిగతా మూడు దిక్కులా సెనెగల్ దేశం. విస్తీర్ణంలో మా పాత అనంతపురం జిల్లా కంటే చిన్నది. అక్కడి రైతుకీ వేరుశనగే ఆధారం. మొదటిసారి లోపలి ఊళ్ళవైపు వెళ్ళినప్పుడు కళ్ళాల్లో కాయ కుప్పలు చూసి, కదిరి దగ్గర మా చేను గుర్తొచ్చి గొంతు పట్టేసింది. వానొస్తే పంట, రాకపోతే అప్పు, అక్కడా అంతే.

1965 ఫిబ్రవరి 18న బ్రిటిష్ వాళ్ళ నుంచి స్వాతంత్ర్యం వచ్చింది. మొదటి నాయకుడు దావ్దా జవారా పశువుల డాక్టరు. దేశాన్ని రిపబ్లిక్ చెయ్యాలా అని ఆ ఏడాదే జనాన్ని ఓటు అడిగారు. మూడింట రెండొంతులు రావాలి, కొద్దిలో తప్పిపోయింది. ప్రభుత్వం ఆ తీర్పును ఒప్పుకుని ఆగింది. మళ్ళీ 1970లో అడిగి గెలిచాకే రిపబ్లిక్ అయింది. చుట్టుపక్కల ఒక్కో దేశం ఏకపార్టీ పాలనలోకో, సైనిక పాలనలోకో పోతున్న కాలంలో ఇక్కడ పలు పార్టీల ఎన్నికలు జరుగుతూనే వచ్చాయి. అయితే జవారా ఒక్కరే దాదాపు ముప్ఫై ఏళ్ళు దిగలేదు. అది చిన్న లోపం కాదు.

అసలు మలుపు 1981. దాని గురించి మా ఇంటి ఓనరు చెప్పేవారు. రిటైరైన టీచరు, పెద్దాయన కాబట్టి అక్కడి అలవాటు ప్రకారం నేనూ "పా" అనే పిలిచేవాణ్ణి. జులై 30న జవారా లండన్‌లో ఉన్నారు, ప్రిన్స్ చార్లెస్ పెళ్ళికి వెళ్ళి. తిరుగుబాటుదారులు రేడియో స్టేషన్ పట్టుకున్నారు, జైలు తలుపులు తీశారు, తుపాకులు పంచారు. సెనెగల్ సైన్యం వచ్చి అణచేసరికి వందల మంది చనిపోయారు. పా వాళ్ళు వారం రోజులు పిల్లల్ని మంచాల కింద పడుకోబెట్టారట.

ఇక్కడే మీ ప్రశ్నకు జవాబు ఉందని నాకనిపిస్తుంది. అప్పటిదాకా గాంబియాకు సైన్యమే లేదు, సాయుధ పోలీసులే ఉండేవారు. ఆ భయంతో 1982లో సెనెగల్‌తో సమాఖ్య కట్టారు, సొంత సైన్యాన్నీ పెట్టుకున్నారు. సమాఖ్య 1989లో విడిపోయింది, సైన్యం మిగిలింది. 1994 జులై 22న జీతాల మీద కోపంగా ఉన్న కొందరు కుర్ర లెఫ్టినెంట్లు అధికారం లాక్కున్నారు. వాళ్ళ నాయకుడు యాహ్యా జమ్మేకు అప్పటికి 29 ఏళ్ళు. అంటే జనం ఓటును వదులుకోలేదు. కుట్ర జరగకూడదని పెట్టుకున్న సైన్యమే కుట్ర చేసింది.

తర్వాత 22 ఏళ్ళు జమ్మే. 2000 ఏప్రిల్‌లో నిరసన తెలిపిన విద్యార్థుల మీద కాల్పులు జరిపారు, 14 మంది పోయారు. 2004లో డేడా హైదరా అనే పత్రికా సంపాదకుణ్ణి కాల్చి చంపారు. నేను వెళ్ళేసరికి, సాయంత్రాలు అత్తాయా టీ కాచుకుంటూ కూర్చున్న వాళ్ళు కూడా కొత్త మనిషి వస్తే మాట మార్చేసేవాళ్ళు.

అక్కడ ఓటు కాగితంతో కాదు, పిల్లలు ఆడుకునే లాంటి గాజు గోళీతో వేస్తారు. చదువురాని వాళ్ళు ఎక్కువని 1960ల్లో పెట్టిన పద్ధతి. ఒక్కో అభ్యర్థికి ఒక్కో రంగు డ్రమ్ము, దానికో గొట్టం. గోళీ వెయ్యగానే లోపల గంట ఒక్కసారి మోగాలి. రెండుసార్లు మోగితే దొంగ ఓటని బయటున్న వాళ్ళకు తెలిసిపోతుంది. అందుకే ఆ రోజు పోలింగ్ కేంద్రాల దగ్గరకు సైకిళ్ళను కూడా రానివ్వరు, బెల్లు అలాగే మోగుతుందని. 2016 డిసెంబర్ 1న, అధ్యక్ష ఎన్నికల రోజు, ఇంటర్నెట్ కట్ చేశారు. కానీ ఆ ఏడాది గోళీలు ఎక్కడికక్కడ, అందరి ముందే లెక్కపెట్టారు. ప్రతిపక్షాల అభ్యర్థి అడామా బారోకు 43 శాతం, జమ్మేకు 40 శాతం లోపు. మర్నాడు జమ్మే టీవీలో ఓటమి ఒప్పుకున్నాడు. వారానికే మాట మార్చాడు.

2017 జనవరి చాలా టెన్షన్‌గా గడిచింది. 1981 చూసిన వాళ్ళు ముందే కదిలారు. పరుపులు, గిన్నెలు లారీల మీద కట్టుకుని సుమారు 45 వేల మంది సెనెగల్ వైపు వెళ్ళిపోయారు. మా యజమాని కూడా సెనెగల్ రాజధాని డకార్ వెళ్ళిపోయాడు. పా నన్ను వాళ్ళ ఇంటి లోపలి గదిలో ఉండమన్నారు. 19న బారో డకార్‌లోని గాంబియా రాయబార కార్యాలయంలో ప్రమాణం చేశారు. పొరుగు దేశాల సైన్యాలు సరిహద్దు దాటాయి. మా సైనికులు పోరాడరని ఇక్కడి సైన్యాధిపతే చెప్పేశాడు. 21 రాత్రి జమ్మే విమానం ఎక్కాడు. వెస్ట్‌ఫీల్డ్ కూడలిలో ముక్కూముఖం తెలియని వాళ్ళు నన్ను పట్టుకుని ఏడ్చారు.

అన్నీ చక్కబడ్డాయని చెప్పను. మూడేళ్ళే ఉంటానన్న బారో ఐదేళ్ళూ ఉన్నారు, 2021లో మళ్ళీ గెలిచారు. అధ్యక్షుడికి రెండు పదవీకాలాలే అనే నియమం ఉన్న కొత్త రాజ్యాంగం 2020లో పార్లమెంటులో వీగిపోయింది.

అయినా ఆ జనం మీద నాకు నమ్మకం పోలేదు. 2019 నుంచి జమ్మే కాలపు నేరాల మీద బహిరంగ విచారణ జరిగింది, టీవీల్లో, రేడియోల్లో ప్రసారమైంది. ఆ జులైలో ఒక సైనికుడు డేడా హైదరా హత్యలో తనూ ఉన్నానని ఒప్పుకున్నాడు. ఆ రోజు పా నాకు ఫోన్ చేసి, ఏమీ మాట్లాడకుండా ఫోన్‌ను రేడియో పక్కన పెట్టారు. అలా ఇద్దరం చాలాసేపు విన్నాం.