ఇళ్లు కొనాలంటే ఏ డిగ్రీ చదవాలి?

ప్రశ్న: నేను ఇంటర్ రెండో సంవత్సరం ఎంపీసీ చదువుతున్నాను. మాది నరసరావుపేట దగ్గర పల్లె. ముప్పై ఏళ్లు వచ్చేసరికి రెండు ఇళ్లు కొని అద్దెకివ్వాలన్నది నా కోరిక. అందుకు ఏ డిగ్రీ మంచిది? మేనేజ్‌మెంట్ కోటాలో కంప్యూటర్ సైన్స్ సీటుకు నాలుగేళ్లకు 14 లక్షలు చెబుతున్నారు. నాన్న ఉన్న రెండెకరాల్లో అర ఎకరం అమ్మి కొంత కట్టి, మిగతాది లోన్ తీసుకుందామంటున్నారు. పొలం చూడటానికి బ్రోకర్ కూడా వచ్చి వెళ్లాడు. నాకు లెక్కలంటే ఇష్టం, కోడింగ్ మీద పెద్దగా ఆసక్తి లేదు. ప్లాట్ల వ్యాపారం చేసే బాబాయి మాత్రం చదువెందుకు, నాతో వచ్చేయ్ అంటున్నాడు.

జవాబు: అమ్మా, నీది మా అమ్మాయి వయసు కాబట్టి నువ్వు అనే రాస్తున్నాను. ముందు ఒక మాట స్పష్టంగా చెప్పాలి. భూమి కొనడానికి పనికొచ్చే డిగ్రీ కోసం ఉన్న భూమి అమ్మవద్దు. నాన్నగారికి ఈ జవాబు చదివి వినిపించు.

ఇల్లు కొనేవాళ్లను బ్యాంకు ఏం డిగ్రీ చదివావని అడగదు. శాలరీ స్లిప్ చూస్తుంది, ఇప్పటికే ఉన్న అప్పులు చూస్తుంది. అందుకే నీ ప్రశ్నకు జవాబు కాలేజీలో కాకుండా బ్యాంకు లెక్కలో వెతుకుదాం.

గుంటూరులోనో విజయవాడలోనో 50 లక్షల ఫ్లాట్ అనుకో. 30 నుంచి 75 లక్షల మధ్య ఉండే లోన్లలో రిజర్వ్ బ్యాంకు నిబంధన ప్రకారం ఇంటి విలువలో 80 శాతానికి మించి ఇవ్వరు. అంటే లోన్ 40 లక్షలు, నీ చేతి డబ్బు 10 లక్షలు. స్టాంపు డ్యూటీ, రిజిస్ట్రేషన్ అన్నీ కలిపి ఆంధ్రాలో 7.5 శాతం, అది ఇంకో 3 లక్షల 75 వేలు. ఈ ఖర్చు కూడా నీ జేబులోంచే. దాదాపు 14 లక్షలు నీ దగ్గర ఉంటే తప్ప మొదటి ఇంటి ఊసే ఎత్తలేం. నెలకు 20 వేల చొప్పున ఐదేళ్లు దాస్తే, 7 శాతం వడ్డీ లెక్కన 14 లక్షల పైచిలుకు అవుతుంది.

ఇప్పుడు ఈఎంఐ. 40 లక్షలకు 8.5 శాతం వడ్డీతో ఇరవై ఏళ్లకు నెలకు సుమారు 34,700. మన ఊళ్లలో ఫ్లాట్ల మీద అద్దె, ధరలో ఏడాదికి మూడు శాతం వస్తే బాగానే వచ్చినట్టు. 50 లక్షల ఫ్లాట్‌కు నెలకు 12,500 అన్నమాట. మిగిలిన 22 వేలు ప్రతి నెలా నీ జీతంలోంచి కట్టాలి. అద్దెలతో ఈఎంఐ గడిచిపోతుందని చెప్పేవాళ్లు ఈ ఒక్క లెక్క చెప్పరు. మొదటి పదేళ్లు ఇంటిని నువ్వు పోషించాలి, ఇల్లు నిన్ను పోషించదు.

ఈఎంఐలన్నీ కలిపి చేతికొచ్చే జీతంలో సగం దాటకుండా బ్యాంకులు సాధారణంగా చూసుకుంటాయి. అంటే పై లోన్ రావాలంటే నీ చేతికి నెలకు 70 వేలు రావాలి. డిగ్రీ ఎంచుకునేటప్పుడు నువ్వు పట్టుకోవలసిన అంకె ఇదే: ఇరవై ఏడు, ఇరవై ఎనిమిది ఏళ్లకు 70 వేల జీతం, నెత్తిన పాత అప్పు లేకుండా.

పాత అప్పు గురించి ఎందుకింత గట్టిగా చెబుతున్నానో చూడు. పదిలక్షల ఎడ్యుకేషన్ లోన్ 10.5 శాతానికి పదేళ్లు కడితే నెలకు 13,500. నీ జీతం 50 వేలనుకో. ఏ అప్పూ లేకపోతే 25 వేల ఈఎంఐకి, అంటే దాదాపు 29 లక్షల హోమ్ లోన్‌కు అర్హత ఉంటుంది. చదువు అప్పు ఉంటే మిగిలేది 11,500. దానికి వచ్చేది దాదాపు 13 లక్షలే. చదువుకునే నాలుగేళ్లలో పేరుకునే వడ్డీ నేనిందులో కలపనే లేదు. ఎక్కువ పెట్టి కొన్న సీటు నీ మొదటి ఇంటిని అంత దూరం నెడుతుంది.

కాబట్టి మేనేజ్‌మెంట్ సీటు వద్దు. అందులోనూ ఆసక్తి లేని కోర్సుకు 14 లక్షలా? కంప్యూటర్ సైన్స్‌లో మంచి జీతాలు వచ్చేది ఆ పని బాగా చేసేవాళ్లకే.

లెక్కలు ఇష్టమన్నావు కాబట్టి నా మొదటి ఓటు బీకాంతో పాటు సీఏకి (చార్టర్డ్ అకౌంటెన్సీ). ఎంపీసీ వాళ్లు కూడా ఇంటర్ తర్వాత సీఏ మొదటి పరీక్ష ఫౌండేషన్ రాయవచ్చు. ఇంజనీరింగ్ ఖర్చులో చిన్న భాగంతో అయిపోతుంది, సీఏ దగ్గర పని నేర్చుకునే ఆర్టికల్‌షిప్ ఇప్పుడు రెండేళ్లే, ఆ రెండేళ్లూ కొద్దిపాటి స్టైపెండ్ వస్తుంది. కష్టమైన చదువన్న మాట దాచను. చాలామంది ఒక్కో గ్రూపు (కొన్ని పేపర్ల సెట్) కోసం రెండు మూడు సార్లు రాస్తారు. అందుకే పక్కన బీకాం వదలకూడదు. ఆస్తి అమ్మినప్పుడు పన్ను ఎంత, బిల్డర్ల ఖాతాలు ఎలా ఉంటాయి అన్నవి నీకు రోజువారీ పనిలోనే తెలిసిపోతాయి.

ఈఏపీసెట్‌లో కన్వీనర్ కోటా సీటు వస్తే సివిల్ ఇంజనీరింగ్ రెండో దారి. మొదట్లో జీతాలు తక్కువ, ఎండలో సైటు పని. కానీ డిగ్రీ తర్వాత ఐదేళ్ల అనుభవంతో పరీక్ష రాసి, ఐబీబీఐ (కేంద్ర దివాలా బోర్డు) దగ్గర భూములు, భవనాలకు విలువ కట్టే వాల్యుయర్‌గా రిజిస్టర్ కావచ్చు. విజయవాడలోని స్కూల్ ఆఫ్ ప్లానింగ్ అండ్ ఆర్కిటెక్చర్‌లో బీ ప్లానింగ్ (పట్టణ ప్రణాళిక డిగ్రీ) ఉంది, జేఈఈ మెయిన్ పేపర్ 2తో సీటిస్తారు. మాస్టర్ ప్లాన్‌లో రోడ్డు ఎటు పోతుందో చదవగలగడం గొప్ప విద్యే. ఉద్యోగాలు మాత్రం తక్కువని తెలిసి వెళ్లాలి. ఏ దారైనా లోన్ తప్పకపోతే, 7.5 లక్షల వరకు తాకట్టు లేకుండా ఇచ్చే ఏర్పాటు ఉంది. పొలం కాగితాలు బ్యాంకులో పెట్టకండి.

బాబాయి మాట కొట్టిపారేయను. చదువు మానేసి వెళ్లకు, ఎందుకంటే కమిషన్ మీద బతికేవాళ్లకు రెండు మూడేళ్ల ఐటీ రిటర్నులు చూపిస్తే కానీ బ్యాంకులు లోన్ ఇవ్వవు. సెలవుల్లో మాత్రం తప్పకుండా వెళ్లు. ఒక్క ప్లాటు తీసుకుని మొదటి నుంచి చివరి దాకా నువ్వే చూడు: అడంగల్, 1-బి (రెండూ రెవెన్యూ భూమి రికార్డులు), లింకు డాక్యుమెంట్లు (పాత యజమానుల దస్తావేజులు), ఈసీ (ఆస్తి మీద లావాదేవీలు, తాకట్లు చూపే సర్టిఫికెట్). సర్వే నంబరు 22-ఎ నిషేధిత జాబితాలో (రిజిస్ట్రేషన్ చేయని భూముల జాబితా) ఉందేమో, లేఅవుట్‌కు ఎల్పీ నంబరు (లేఅవుట్ అనుమతి), రెరా నంబరు (రియల్ ఎస్టేట్ నియంత్రణ సంస్థ ఇచ్చేది) ఉన్నాయో లేదో చూడు. ప్లాన్‌లో 40 అడుగులని రాసిన రోడ్డును టేపు పెట్టి కొలువు. నా మొదటి ప్లాటు పంచాయతీ లేఅవుట్‌లో కొన్నాను, అప్రూవల్ అడగలేదు. ఇల్లు కట్టుకుందామంటే ఏ బ్యాంకూ లోన్ ఇవ్వలేదు. ఆ తప్పు నువ్వు చేయకూడదనే ఇంత వివరంగా చెబుతున్నాను.

ఉద్యోగం వచ్చాక మొదటి ఐదేళ్లు ప్లాట్ల జోలికి పోకుండా మొదటి ఇంటికి చేతిలో ఉండాల్సిన ఆ 14 లక్షలు కూడబెట్టు. అద్దె ఆదాయం రుచి చూడాలనుకుంటే స్టాక్ మార్కెట్‌లో రీట్ (అద్దెకిచ్చే భవనాలు ఉన్న ట్రస్టు) యూనిట్లు, అంటే అందులో చిన్న వాటాలు, కొన్ని వందల రూపాయలకే దొరుకుతాయి. హైదరాబాద్ మాదాపూర్‌లోని మైండ్‌స్పేస్ ఆఫీసు భవనాలు అలాంటి ఒక రీట్‌లోనివే. ముప్పై ఏళ్లకు రెండు ఇళ్లన్నావు. నేనైతే ఒకటి అనుకుంటాను, రెండోది ముప్పై అయిదు దాటాక.

ర్యాంకు వచ్చాక, ఏ కాలేజీలో ఏ సీటు వస్తుందో, ఫీజు ఎంతో రాసి మళ్లీ పంపు. ఈలోగా ఆ బ్రోకర్ మళ్లీ వస్తే టోకెన్ అడ్వాన్సు తీసుకోవద్దని నాన్నగారికి ఈ రోజే చెప్పు.